ఇంట్లో కుట్టిన టార్ప్ కారడం ఎలా ఆగిందంటే (నా అనుభవం)

ట్రెకింగ్‌కు తేలిగ్గా ఉంటుందని రిప్‌స్టాప్ నైలాన్‌తో (చిరుగు పాకకుండా గళ్ల నేత ఉన్న పలుచటి బట్ట) టార్ప్ కుట్టుకున్నాను, అంటే వానకు తలపైన కట్టుకునే పరదా. సికింద్రాబాద్‌లో మీటర్ల లెక్కన కొన్న బట్ట, పూత లేనిది. చినుకులకు ఫర్వాలేదు, గట్టి వాన పడితే లోపల తుంపర. కొవ్వొత్తి మైనం, వాటర్‌ప్రూఫ్ స్ప్రే, పైన ఇంకో పొర గొడుగు బట్ట, ఏదీ నిలవలేదు.

చివరికి పనిచేసింది సిలికాన్ సీలెంట్, అంటే సందులు పూడ్చడానికి వాడే చిక్కటి పేస్టు. ట్యూబు మీద 100% సిలికాన్ అని ఉండాలి, యాక్రిలిక్ రకం పనికిరాదు. పెయింట్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ తెచ్చి, తూకం ప్రకారం ఒక వంతు సీలెంట్‌కు పది వంతులు తీసుకున్నాను. అంతా ఒకేసారి పోస్తే ఉండలు కట్టేస్తుంది. ముందు కొంచెమే పోసి, పుల్లతో రుద్దుతూ అట్ల పిండిలా జారుగా చేసి, తర్వాతే మిగతాది కలిపాను. డాబా మీద బట్ట పరిచి స్పాంజితో పట్టించి, వెంటనే పాత బనియన్ గుడ్డతో అదనం తుడిచేశాను. తుడవకపోతే మెరిసే చారలు మిగిలిపోతాయి. ఆరేదాకా వెనిగర్ వాసన భరించాలి, దగ్గర్లో మంట అసలు ఉండకూడదు. మర్నాడు కుట్ల మీద మాత్రం ఒకటికి మూడు వంతుల చిక్కటి మిశ్రమం పూశాను.

పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) పూత ఉన్న బట్టైతే ఆ వైపు సిలికాన్ సరిగా పట్టదు, రెండో వైపు వేయాలి. పాలియెస్టర్ మీద నేను చేసి చూడలేదు. ముందు రుమాలంత ముక్క మీద వేసి, ఆరాక కుళాయి కింద పట్టి చూసుకోండి.