ఓడినా లెక్క ఇవ్వాల్సిందే: స్థానిక ఎన్నికల అభ్యర్థులకు జాగ్రత్తలు

మొన్న మా ఊరి పిల్లగాడొకడు చేతిలో కాగితం పట్టుకుని ఇంటికొచ్చాడు. 2025 డిసెంబర్‌లో జరిగిన తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో సర్పంచ్‌గా నిలబడి ఓడాడు. ఇప్పుడు ఎంపీటీసీకి నిలబడదామని ఊరూరా తిరుగుతున్నాడు. ఆ కాగితం నోటీసు. ఎన్నికల ఖర్చుల లెక్క గడువులోగా ఇవ్వలేదు, మిమ్మల్ని అనర్హులుగా ఎందుకు ప్రకటించకూడదో చెప్పండి అని అందులో ఉంది.

"కాకా, ఓడినోణ్ని నన్నెందుకు అడుగుతుండ్రు? గెలిచినోళ్లు గదా లెక్కలు జెప్పాల్సింది?" అన్నాడు.

నేను పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి రిటైరయ్యాను. ఈ ప్రశ్న ప్రతి ఎన్నిక తర్వాతా విన్నాను. విన్న ప్రతిసారీ అప్పటికే ఆలస్యమైపోయింది. అందుకే ఈసారి ముందే రాస్తున్నాను. డబ్బు పంచొద్దు, మద్యం పంచొద్దు, కోడ్ పాటించండి లాంటివి అధికారులు మైకులో చెబుతూనే ఉంటారు, వాటి జోలికి వెళ్లను.

నామినేషన్ దగ్గర

ఇక్కడ జరిగే తప్పులు కనీసం కళ్ల ముందు జరుగుతాయి, దిద్దుకునే వీలుంటుంది. కాబట్టి క్లుప్తంగా చెబుతాను.

ఓటరు జాబితాలో మీ పేరు, వరుస సంఖ్య ఎలా ఉన్నాయో నామినేషన్‌లో అలాగే రాయండి. వార్డు సభ్యుడిగా నిలబడేవారు గ్రామంలో ఏ వార్డు ఓటరైనా కావచ్చు కానీ, ప్రతిపాదించే మనిషి మాత్రం ఆ వార్డు ఓటరై ఉండాలి. వార్డుల విభజన మారినప్పుడు ఎదురింటివాళ్లే వేరే వార్డులోకి వెళ్లిపోతారు. నిన్నటిదాకా మన వార్డే కదా అని సంతకం పెట్టించుకుంటే పరిశీలన రోజు నామినేషన్ తిరస్కరిస్తారు.

స్వీయ ప్రకటనలో ఏ గడీ ఖాళీగా వదలొద్దు. కేసులు లేకపోతే లేవని, ఆస్తి లేకపోతే లేదని రాయండి. అఫిడవిట్‌లో గడులు ఖాళీగా వదిలిన నామినేషన్‌ను తిరస్కరించవచ్చని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ఇంటిపన్ను బాకీ ముందే కట్టి రసీదు దగ్గర పెట్టుకోండి. నామినేషన్ తిరస్కరిస్తే ఊళ్లో పంచాయితీ పెట్టుకుని కూర్చోకండి. అప్పీలుకు ఆర్డీఓ దగ్గరికి వెళ్లాలి, దానికి దొరికేది ఒక్క రోజే.

చట్టంలో మారినవి

పిల్లల నిబంధన గురించి ఇంకా అడుగుతున్నారు. 1994 పంచాయతీరాజ్ చట్టం నుంచి వస్తున్న ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో, తెలంగాణ 2025లో తీసేశాయి. ముగ్గురు పిల్లలున్నవారు ఇప్పుడు నిలబడొచ్చు. అయితే పోయింది ఆ ఒక్క నిబంధనే. మిగతా అనర్హతలన్నీ అలాగే ఉన్నాయి.

రెండోది రిజర్వేషన్. తెలంగాణ 2018 చట్టం ప్రకారం ఒక రిజర్వేషన్ వరుసగా రెండు దఫాలు, అంటే పదేళ్లు ఉండేది. దాన్ని ఒక్క దఫాకు, ఐదేళ్లకు తగ్గించారు. ఇప్పుడు జనరల్ ఉన్న ఊరు వచ్చేసారి మహిళకు రావచ్చు. ఇంట్లో ఎవరి వంతు ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి, ఇంట్లో ఎవరి అర్హతా పాడు కాకుండా చూసుకోవాలి. ఎందుకు చెబుతున్నానో కిందికి వస్తే అర్థమవుతుంది.

లెక్క ఇవ్వండి

అసలు విషయం ఇది. తెలంగాణలోనైనా ఆంధ్రప్రదేశ్‌లోనైనా ఫలితం ప్రకటించిన 45 రోజుల్లోగా ఎన్నికల ఖర్చుల లెక్క ఇవ్వాలి. గెలిచినవారూ ఇవ్వాలి, ఓడినవారూ ఇవ్వాలి. డిపాజిట్ పోయినవారూ, పది ఓట్లు వచ్చినవారూ, రూపాయి ఖర్చు పెట్టనివారూ ఇవ్వాలి. తెలంగాణలో పంచాయతీకి పోటీ చేసినవారు ఇవ్వాల్సింది మండలంలో ఎంపీడీఓకు. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే రాష్ట్ర ఎన్నికల సంఘం అనర్హులుగా ప్రకటిస్తుంది. ఆ ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి మూడేళ్లు పంచాయతీరాజ్ చట్టం కింద ఏ పదవికీ పోటీ చేయకూడదు. గెలిచి కుర్చీలో కూర్చున్నవారైతే ఆ కుర్చీ పోతుంది.

"మూడేళ్లే కదా, మళ్లీ పంచాయతీ ఎన్నికలు ఐదేళ్లకు కదా" అనేవారున్నారు. ఎంపీటీసీ, జడ్పీటీసీ పదవులు కూడా అదే చట్టం కిందివి. సర్పంచ్‌గా ఓడినవాడికి ఆ దారి కూడా మూసుకుపోతుంది. పైగా మూడేళ్లు మొదలయ్యేది ఎన్నిక జరిగిన రోజు నుంచి కాదు, ఉత్తర్వు తేదీ నుంచి. నోటీసు, సంజాయిషీ, విచారణ అన్నీ ముగిసి ఉత్తర్వు వచ్చేసరికి చాలా కాలం పడుతుంది. ఉత్తర్వు ఎంత ఆలస్యమైతే మీ మూడేళ్లు వచ్చే ఎన్నికకు అంత దగ్గరగా జరుగుతాయి.

నేను చూసిన వాటిలో ఒకటి ఇప్పటికీ మరిచిపోలేను. ఒకాయన సర్పంచ్‌గా నామినేషన్ వేసి, తనది తిరస్కరణకు గురైతే ఉంటుందని భార్యతో డమ్మీ నామినేషన్ వేయించాడు. ఆయనది ఓకే అయింది. ఆ సంబరంలో ఆమెది ఉపసంహరించడం మరిచిపోయారు. ఆమెకూ గుర్తు వచ్చింది. బ్యాలెట్ మీదికి గుర్తు వచ్చిందంటే చట్టం దృష్టిలో ఆమె పోటీలో ఉన్న అభ్యర్థే. ప్రచారం చేయలేదు, ఇల్లు దాటి బయటికి రాలేదు. లెక్క ఇవ్వాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆయన లెక్క ఇచ్చాడు, ఆమెది ఇవ్వలేదు. అనర్హత ఉత్తర్వు ఆమె పేరు మీద వచ్చింది. తర్వాత మహిళా పదవికి ఆమెను నిలబెడదామని ఊరంతా అనుకున్నప్పుడు ఆ ఉత్తర్వు బయటపడింది. డ్వాక్రా సంఘాన్ని ఏళ్ల తరబడి నడిపిన మనిషి ఆమె. బాగా చేసేది. "నేను సంతకం పెట్టడం తప్ప ఏం చేసిన సార్?" అని నన్ను అడిగితే నా దగ్గర జవాబు లేదు.

డమ్మీ నామినేషన్ వేయిస్తే ఉపసంహరణ గడువు లోపల వెనక్కి తీసుకోండి. ఉపసంహరణ కాగితం మీద అభ్యర్థే సంతకం పెట్టాలి. మరిచిపోయారా, ఆ డమ్మీ అభ్యర్థి పేరు మీద కూడా లెక్క ఇవ్వండి. ఖర్చు సున్నా అయితే సున్నా అని రాసి ఇవ్వండి.

ఇక గడువు. డిసెంబర్ ఎన్నికలు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా జరిగాయి, ఫలితాలూ ఆయా రోజుల్లోనే వచ్చాయి. లెక్కేసుకుంటే 45 రోజులు జనవరి 25, 28, 31 తేదీలకు పూర్తయ్యాయి. మొదటి విడతవారికి చివరి రోజు ఆదివారం, మర్నాడు రిపబ్లిక్ డే, మధ్యలో సంక్రాంతి సెలవులు. చివరి రోజు దాకా ఆగినవారు ఆఫీసుకు తాళం చూసి వెనక్కి వచ్చారు. అందుకే 45 రోజులను మరిచిపోండి. మీ గడువు 30 రోజులు అనుకోండి.

లెక్క ఎక్కడి నుంచి మొదలవుతుంది అంటే నామినేషన్ రోజు నుంచి ఫలితం రోజు దాకా. రెండు రోజులూ కలిపి. ఆ మధ్యలో మీ కోసం బావమరిది పెట్టిన ఖర్చు కూడా మీ ఖర్చే. తెలంగాణలో సర్పంచ్ పరిమితి 5 వేలకు పైగా జనాభా ఉన్న పంచాయతీలో రెండున్నర లక్షలు, అంతకు తక్కువ ఉంటే లక్షన్నర. వార్డుకైతే 50 వేలు, 30 వేలు. ఎంపీటీసీకి లక్షన్నర, జడ్పీటీసీకి 4 లక్షలు.

ఇక వరుసగా చెబుతున్నాను, రాసుకోండి.

నామినేషన్‌కు ముందే ఎన్నికల కోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవండి. ఇంటి ఖాతాలో కలిపితే తర్వాత ఎరువుల డబ్బేదో ఫ్లెక్సీల డబ్బేదో మీకే తెలియదు.

రిటర్నింగ్ అధికారి ఇచ్చిన ఖర్చుల పుస్తకం పోగొట్టుకోవద్దు.

ఏ రోజుది ఆ రోజే రాయండి. రాత్రి ఎంత పొద్దుపోయినా సరే, అన్నం తినే ముందు రాయండి.

ఆటో, మైకు, టెంటు, చాయ్, భోజనాలు, కరపత్రాలు. ప్రతిదానికీ బిల్లు. బిల్లు మీద నంబర్ వేయండి.

కరపత్రం మీద ప్రింటింగ్ ప్రెస్ పేరు, చిరునామా లేకపోతే ఆ కట్ట ఇంటికి తేవద్దు.

పరిశీలకులు లెక్క చూపించమంటే వెళ్లండి. వెళ్లలేదన్నది కూడా ఫైలులో ఎక్కుతుంది.

పదవిని వేలంపాటలో కొనొద్దు, గుడికి ఇస్తున్నామని చెప్పినా సరే.

ఏకగ్రీవమైనా లెక్క ఇవ్వండి. ఇచ్చినందుకు ఎవరి పదవీ పోదు.

ఓడిన రోజు రాత్రి బిల్లులు చింపేయొద్దు. చాలామంది ఇదే చేస్తారు. కోపం నాకు అర్థమవుతుంది, ఊరు మొహం చూడబుద్ధి కాదు. ఆ సంచిని బీరువాలో పెట్టి తాళం వేసి పడుకోండి.

లెక్క ఇవ్వడానికి మీరే వెళ్లండి. "అన్న ఇస్తానన్నాడు", "పార్టీవాళ్లు చూసుకుంటారు" అనొద్దు. నోటీసు అన్న పేరు మీద రాదు.

లెక్క ఇచ్చాక రసీదు తీసుకోండి. సంతకం, ముద్ర, తేదీ మూడూ ఉండాలి. రసీదు లేకుండా ఆఫీసు నుంచి కదలొద్దు. "ఇచ్చినం సార్, టేబుల్ మీద పెట్టి వచ్చినం" అన్నవాళ్లను కూడా అనర్హుల జాబితాలో చూశాను. ఆన్‌లైన్‌లో నమోదు చేశారా అని అడగండి, వారం ఆగి మళ్లీ అడగండి.

రసీదుకు ఫోటో తీసి ఇంట్లో మరో ఇద్దరికి పంపండి. ఒక జిరాక్స్ పాస్‌బుక్కులో పెట్టండి.

నోటీసు వస్తే దాచొద్దు. సంతకం పెట్టి తీసుకోండి, అందులో రాసిన గడువు లోపల రాతపూర్వకంగా జవాబివ్వండి. ఆస్పత్రిలో ఉంటే ఆ కాగితాలు, ఇంట్లో చావు జరిగితే ఆ సర్టిఫికెట్ జత చేయండి. జవాబుతో పాటే లెక్క కూడా ఇచ్చేయండి. నోటీసు తీసుకోకపోతే ఇంటి గోడకు అంటిస్తారు, పని ఆగదు.

మా ఊరి పిల్లగాడి దగ్గర బిల్లులు సగమే ఉన్నాయి. మిగతావి ఆటో అతన్ని, టెంటు హౌస్ వాళ్లను అడిగి మళ్లీ రాయించుకున్నాం. జవాబు, లెక్క రెండూ తీసుకుని సోమవారం పొద్దున పదిన్నరకు మండలాఫీసుకు వెళ్తున్నాం. రసీదు ఇచ్చేదాకా అక్కడే కూర్చుంటామని వాడికి చెప్పాను.