రెప్ప మీద ఉలిపిరికాయ ఉందా? సున్నం డబ్బా అవతల పెట్టండి

నా ఎడమ కంటి చివర, రెప్ప ముడుచుకునే చోట, ఆవగింజంత ఉలిపిరికాయ ఒకటి రెండేళ్లు వేలాడింది. నొప్పి లేదు, దురద లేదు, ముఖం తుడుచుకునేటప్పుడు టవల్ పోగుకు తట్టుకుంటే మాత్రం ప్రాణం లేచొచ్చేది. మా అవ్వ చూసి "ఒరే అబ్బోడా, తమలపాకు సున్నం రవ్వంత అంటించు, మూడు రోజుల్లో అదే రాలిపోతుంది" అంది. పెద్దమ్మేమో తల వెంట్రుకతో బిగించి కట్టమంది. ఫోన్‌లో వెతికితే రెండు చుక్కలు వేస్తే చాలంటూ సీసాల ఫోటోలు. ఎలా తీయాలో అందరూ చెప్పారు, అసలు అదేంటో ఎవరికైనా చూపించుకోరా అన్నవాళ్లు ఒక్కరూ లేరు. చివరికి తిరుపతిలోనే ఒక చర్మం డాక్టర్ దగ్గర పది నిమిషాల్లో పోయింది. ఆ పది నిమిషాల కోసం రెండేళ్లు ఎందుకు తిరిగానో ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

ముందు సున్నం సంగతి. చేతి మీద ఉలిపిరికి సున్నం పెట్టి పోగొట్టుకున్నవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు, కాదనను. కానీ సున్నం క్షారం. కంట్లో పడితే యాసిడ్ కంటే లోతుకు దిగుతుంది, నల్లగుడ్డు మీది పొరను తెల్లగా చేసేస్తుంది, చూపు పోయినా పోతుంది. వక్కాకు సున్నం ప్యాకెట్లు నొక్కి ఆడుకుంటూ కళ్లు పోగొట్టుకున్న పిల్లలున్నారు. ఎప్పుడైనా సున్నం కంట్లో పడితే ఆసుపత్రికి పరుగెత్తే ముందే కుళాయి కింద కన్ను తెరిచి పట్టుకుని కనీసం పావుగంట, కుదిరితే అరగంట, ఆపకుండా కడగాలి, ఆ తర్వాతే ఆటో ఎక్కాలి. నల్లజీడి కూడా ఇంతే. చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టే ఆ జీడి రసం చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది, ఇక రెప్ప తోలు ఒంట్లో అన్నిటికంటే పల్చన. వెల్లుల్లి, వాషింగ్ సోడా, ఆన్‌లైన్‌లో దొరికే చుక్కలు, కాల్చే పెన్నులు, అన్నీ ఇదే కోవలోకి వస్తాయి. అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2022లో ఈ సీసాలు అమ్మేవాళ్లకు హెచ్చరిక లేఖలు పంపుతూ, పుట్టుమచ్చలూ ఉలిపిర్లూ ఇంట్లోనే తీసుకునే మందు ఏ ఒక్కదానికీ తాము ఆమోదం ఇవ్వలేదని తేల్చి చెప్పింది. వెంట్రుక కట్టడం వీటంత ప్రమాదం కాదు గానీ, రెప్ప మీద అద్దంలో చూసుకుంటూ ఎవరి ముడి వాళ్లు వేసుకోవడం జరిగే పని కాదు. నేను ప్రయత్నించాను. ముడి సగమే బిగిసి, మర్నాడు పొద్దుటికి అది నేరేడుపండులా ఉబ్బి కూర్చుంది.

కంటి దగ్గర బొడిపె అంటే అన్నీ ఒకటి కావు. కాడ ఉండి వేలాడేది, వేలితో అంటే ఊగేది మామూలు ఉలిపిరి, డాక్టర్లు స్కిన్ ట్యాగ్ అంటారు. బొంబాయి రవ్వ గింజలా తెల్లగా, గట్టిగా కంటి కింద కనిపించేవి మీలియా. చర్మం కింద కెరాటిన్ అనే చర్మపు పదార్థం చిక్కుకుని అలా అవుతుంది, మొటిమ అనుకుని గిల్లితే ఏమీ రాదు, మచ్చ మాత్రం మిగులుతుంది. చర్మం రంగులోనే చిన్న చిన్న బొడిపెలు కింది రెప్ప మీద గుంపుగా ఉంటే చెమట గొట్టాలవి కావొచ్చు, వీటి వేర్లు లోతు, తీసినా మళ్లీ వస్తాయి. బుగ్గల మీదా కళ్ల పక్కనా మిరియపు గింజల్లా నల్లగా వచ్చేవి చాలా ఇళ్లలో అమ్మకు ఉంటే కూతురికీ వస్తాయి, వాటివల్ల హాని లేదు. ముక్కు వైపు రెప్ప మీద పసుపుపచ్చగా పూత పూసినట్టు ఉంటే అది కొవ్వు, తీయించుకునే ముందు లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చేయించండి. దాదాపు సగం మందిలో కొలెస్ట్రాల్ మామూలుగానే ఉంటుంది, మిగతా సగంలో మీరున్నారో లేదో ఒక్క రక్తపరీక్షతో తేలిపోతుంది.

భయపడాల్సినవి తక్కువే, కానీ ఉన్నాయి. మానని పుండు, తాకితే రక్తం, ఈమధ్యే రంగు మారిన లేదా పెరిగిన పుట్టుమచ్చ, బొడిపె ఉన్నచోట రెప్పవెంట్రుకలు రాలిపోవడం, వీటిలో ఏది కనిపించినా లేజర్ మాట ఎత్తకుండా ముక్క తీసి పరీక్షకు పంపే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కాల్చేస్తే పరీక్షకు పంపడానికి ఏమీ మిగలదు కదా. ఇంకొకటి, కంటికురుపు ఒకేచోట మళ్లీ మళ్లీ వస్తుంటే, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లలో, కాపడం పెట్టుకుంటూ నెలలు గడపకండి. రెప్పలోని నూనె గ్రంథికి వచ్చే క్యాన్సర్ అచ్చం కురుపులాగే కనిపిస్తుంది, పాశ్చాత్య దేశాలకంటే మన దగ్గర అది ఎక్కువ.

ఇక తీసే పద్ధతులు. కాడ ఉన్నదానికి అన్నిటికంటే సులువు కత్తిరించడమే: చిమటాతో పట్టుకుని, సన్న కత్తెరతో ఒక్క కోత, గాజ్ గుడ్డతో కాసేపు అదిమితే రక్తం ఆగిపోతుంది. నాకు ఆర్‌ఎఫ్ చేశారు, అంటే రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటుతో కాల్చి తీయడం. సన్న సూదితో మత్తు ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు చీమ కుట్టినట్టయింది, తర్వాత వెంట్రుక కాలిన వాసన ఒకటి ముక్కుకు తగిలింది, అంతకుమించి ఏమీ తెలియలేదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆర్‌ఎఫ్‌కైనా, కరెంటు వేడితో కాల్చే కాటరీకైనా ముందే ఆ మాట చెప్పాలి, రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్లు కూడా. అలాగని మాత్రలు మీ అంతట మీరు ఆపేయొద్దు. లేజర్ అయితే కంటికి కవచం పెట్టకుండా మొదలుపెడుతుంటే లేచి వచ్చేయండి, మొహమాటం వద్దు. చల్లగా గడ్డకట్టించే క్రయో మన రంగు చర్మానికి నాకు నచ్చదు, తెల్లమచ్చ మిగిలిపోవచ్చు, రెప్ప అయితే బాగా వాస్తుంది కూడా. మీలియాకు ఇవేవీ అక్కర్లేదు, శుభ్రమైన సూదితో పైన చిన్న గాటు పెట్టి నొక్కితే గింజ బయటికొస్తుంది, కానీ ఆ పని డాక్టర్‌ది, బ్యూటీ పార్లర్‌ది కాదు. మా వీధిలో ఒకావిడ పార్లర్‌లో కాల్పించుకుని ఏడాదిగా నల్లమచ్చకు క్రీములు రాస్తోంది. మత్తు క్రీము రాస్తామంటే కంట్లోకి జారకుండా ఏం చేస్తారో అడగండి, అది కంట్లో పడితే పైపొర దెబ్బతింటుంది.

ఎవరి దగ్గరికి? రెప్పవెంట్రుకల అంచు మీద ఉంటే కంటి డాక్టర్, అంచుకు దూరంగా చర్మం మీద ఉంటే చర్మం డాక్టర్. తిరుపతిలో రుయా సర్కారు ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది, పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకుంటే సరి, క్యూ ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. కంటికైతే అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. చిత్తూరు వాళ్లు ఎటూ ప్రతిదానికీ వేలూరు సీఎంసీకి బస్సెక్కేవాళ్లే, కంటి విభాగం ఊళ్లో షెల్ ఆసుపత్రిలో ఉంటుంది, ఆ పేరు చెప్పి ఆటో ఎక్కండి. ప్రైవేటులో ఎన్ని తీయాలి, ఏ పద్ధతి అన్నదాన్ని బట్టి బిల్లు వందల్లోంచి వేలల్లోకి వెళ్తుంది, కుర్చీలో కూర్చోకముందే మొత్తం ఎంతో అడిగేయండి.

తీశాక అసలు కష్టం మన ఊరి ఎండ. పొక్కు వారం పది రోజుల్లో దానంతట అదే రాలుతుంది, గోటితో లేపితే మచ్చ ఖాయం. ఆ వారం కాటుక, పౌడర్ వద్దు. కొండకు నడిచి వెళ్లే మొక్కు ఉంటే తర్వాతి వారానికి వాయిదా వేసుకోండి, అలిపిరి మెట్లెక్కేటప్పుడు నుదుటి చెమట, కుంకుమ కలిసి నేరుగా కంటి చివరికే కారుతాయి. డాక్టర్ ఇచ్చిన ఆయింట్‌మెంట్ మాత్రమే రాయాలి, పసుపు అంటించొద్దు. ఎరుపు కొన్ని వారాలు ఉంటుంది, టోపీ, చల్లద్దాలు పెట్టుకుని తిరగండి. పుండు ఎర్రగా ఉబ్బి చీము పట్టినా, చూపు మసకబారినా ఆ రోజే వెళ్లాలి.

ఒకటి తీయించుకున్నంత మాత్రాన కొత్తవి రావని కాదు. బరువు, షుగర్ ఉన్నవాళ్లకు మెడ మీద, చంకల్లో ఇవి ఎక్కువ వస్తాయి. నాకు పోయిన నెల మెడ మీద ఇంకోటి మొదలైంది. దాన్ని కదిలించలేదు గానీ, పరగడుపున వెళ్లి షుగర్ పరీక్ష మాత్రం చేయించుకొచ్చాను.