చేతిలో మ్యాప్ – నాలుగో పాఠం: సిగ్నల్ పోయినా తొవ్వ తప్పకుండా

పోయిన పాఠంలో మనకు కావాల్సిన చోట్లను సేవ్ చేసుకోవడం చూశాం. ఈసారి హన్మకొండ నుంచి మేడారం పోదాం. ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా దారి. అడవిలోకి వెళ్లేకొద్దీ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. జాతర రోజుల్లో చిక్కు ఇంకో రకం. సిగ్నల్ గీతలు నిండుగానే కనిపిస్తాయి, కానీ అన్ని లక్షల ఫోన్లు ఒక్కచోట చేరితే నెట్ కదలదు.

ఇక్కడే చాలామంది టెన్షన్ పడతారు, నెట్ పోతే మ్యాప్ మొత్తం పోయినట్టే అనుకుంటారు. మ్యాప్‌లో మీరున్న చోటును చూపే నీలం చుక్కకు నెట్‌తో పని లేదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు పంపే సంకేతాలను మీ ఫోన్ నేరుగా అందుకుంటుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితే మీరెక్కడున్నారో అదే లెక్క కట్టుకుంటుంది. నెట్ లేకపోతే మొదటిసారి చుక్క కుదురుకోవడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే. చుక్క చుట్టూ లేత నీలం వలయం పెద్దగా ఉంటే ఫోన్‌కు ఇంకా సరిగ్గా తెలియలేదని అర్థం. చెట్ల కింద నుంచి జరిగి ఆకాశం బాగా కనిపించే చోట నిలబడండి.

నెట్ కావాల్సింది చుక్క కింద ఉండే రోడ్లు, ఊర్ల బొమ్మకు. దాన్ని ఇంటి దగ్గరే దించుకుంటే సగం పని అయిపోయినట్టే.

వైఫైలో ఉన్నప్పుడు గూగుల్ మ్యాప్స్ తెరిచి, పైన కుడివైపు మీ ఫొటో మీద నొక్కండి. ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లోకి వెళ్లి, మన మ్యాప్‌ను మనమే ఎంచుకునే మాట మీద నొక్కితే తెర మీద ఒక చతురస్రం వస్తుంది. వేళ్లతో జరుపుతూ హన్మకొండ, మేడారం రెండూ అందులో పడేలా చూడండి. ఒక్క మేడారం చుట్టుపక్కలే దించుకుంటే లాభం లేదు. బయలుదేరే చోటు, చేరే చోటు, మధ్య దారి అంతా ఆ హద్దులోనే ఉంటేనే నెట్ లేకుండా దారి చెబుతుంది. ఫోన్‌లో ఎంత జాగా పడుతుందో కిందే చూపిస్తుంది. సరిపోతే డౌన్‌లోడ్ నొక్కండి.

వెతికేటప్పుడు జిల్లా పేరు కూడా కొట్టండి. తాడ్వాయి కామారెడ్డి జిల్లాలోనూ ఉంది! దారి మొదలుపెట్టే ముందు కిలోమీటర్లు చూడటం నా దృష్టిలో అన్నిటికన్నా మంచి అలవాటు. మేడారం సుమారు వంద కిలోమీటర్లు. అంతకు చాలా ఎక్కువ చూపిస్తే వేరే ఊరు పట్టుకుందని తెలిసిపోతుంది.

దించుకున్న మ్యాప్ బండి దారి మాత్రమే చెబుతుంది. నడక దారి, బస్సు వివరాలు, ట్రాఫిక్ రద్దీ అందులో రావు. జాతరప్పుడు పోలీసులు కొన్ని రోడ్లను వన్‌వే చేస్తారు, ఆ మార్పు దానికి తెలియదు. బోర్డు ఒకటి చెప్పి, ఫోన్ ఇంకొకటి చెబితే బోర్డునే నమ్మండి. ఫోన్ కాసేపు వెనక్కి తిరగమని గోల చేస్తుంది, చేయనివ్వండి.

ఈ వారం అభ్యాసం: మ్యాప్ దించుకున్నాక ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లొకేషన్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి. హన్మకొండ నుంచి ములుగు వైపు వెళ్లే బండి మీద వెనక కూర్చుని చుక్క కదలికను గమనించండి. బండి మీరే నడుపుతుంటే ఈ అభ్యాసం వద్దు. జంగాలపల్లి దగ్గర రామప్ప గుడి వైపు తిరిగే మలుపు వచ్చినప్పుడు చుక్క సరిగ్గా అక్కడే ఉందా, వెనకబడిందా చూసి రాసుకోండి.

వచ్చే పాఠంలో బండి పెట్టిన చోటును గుర్తు పెట్టుకుని, గద్దెల దగ్గర నుంచి మళ్లీ దాని దాకా నడిచి రావడం చూద్దాం.