సభ పెట్టేవాళ్లకు భద్రతా పాఠాలు – 3: ముందు గేటు కొలవండి, తర్వాత కుర్చీలు చెప్పండి

పోయిన పాఠంలో మీ స్థలానికి చేత్తో ఓ మ్యాపు గీయమన్నాను కదా, గేట్లు, ప్రహరీ, కరెంటు స్తంభాలు, కాలువలు అన్నీ గుర్తించి. గీసినవాళ్లు దాన్ని ముందు పెట్టుకోండి. గీయనివాళ్లు ఇప్పుడైనా ఒక తెల్లకాగితం తీసుకుని మీ కాలనీ గ్రౌండో, చవితి పందిరి వేసే వీధో గీసేయండి, ఎందుకంటే ఈ పాఠమంతా లెక్కలే. భయపడకండి, కూడిక, తీసివేత, గుణకారం వస్తే చాలు.

విశాఖలో ఏ ఉత్సవ కమిటీ వాళ్లని కదిపినా ముందు వచ్చే మాట "మా గ్రౌండులో ఐదువేల మంది పడతారండీ" అనే. ఎలా తెలుసండీ అంటే పోయినేడు వచ్చారుగా అంటారు. పోయినేడు ఎవరైనా గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టారా, ప్రోగ్రాం అయ్యాక అందరూ బయటికి వెళ్లడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూశారా అంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

సరే, మనం లెక్కేద్దాం. గాజువాక వైపు ఓ కాలనీ గ్రౌండు అనుకోండి (ఊహించుకున్నదే, ఎవరూ భుజాలు తడుముకోవద్దు), పొడవు 60 మీటర్లు, వెడల్పు 40. అంటే 2,400 చదరపు మీటర్లు. ఇందులోంచి స్టేజీ, దాని వెనక గది, జనరేటర్, మైక్ సెట్ వాళ్ల జాగా కలిపి 500 తీసేయండి. తినుబండారాల స్టాళ్లకీ వాటి ముందు మూగేవాళ్లకీ 300. నడిచే దారులకీ, అంబులెన్స్ లోపలికి వచ్చే దారికీ 400. ఈ చివరి 400 దగ్గరే కమిటీలో గొడవ మొదలవుతుంది, "అక్కడ కూడా రెండు వరసలు కుర్చీలు వేస్తే పోలా" అని. వేయకూడదు. మిగిలింది 1,200 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి ఇద్దరు చొప్పున 2,400 మంది.

ఇద్దరే ఎందుకు అంటే, మేడ మీద సుద్దముక్కతో మీటరుకి మీటరు గడి గీసి ఇంట్లోవాళ్లని ఒక్కొక్కరినే అందులో నిలబెట్టి చూడండి. ఇద్దరుంటే వెనక్కి తిరగొచ్చు, కింద పడిన చెప్పు వంగి తీసుకోవచ్చు. నలుగురైతే భుజాలు తగులుతాయి, నడవడం కష్టమవుతుంది. ఐదుగురు దాటాక మీరు ఎటు వెళ్లాలో మీ చేతిలో ఉండదు, ఇంకా పెరిగితే జనం మొత్తం అలల్లాగా ఊగుతుంది, ఎవరూ కావాలని తొయ్యకపోయినా సరే. ఇలాంటి చోట్ల చనిపోయేవాళ్లు కాళ్ల కింద పడి నలిగిపోయారని అనుకుంటాం గానీ, ఎక్కువమంది ప్రాణం పోయేది ఊపిరి ఆడకే. ఛాతీ మీద ముందు నుంచీ వెనక నుంచీ ఒత్తిడి పడితే ఊపిరి లోపలికి తీసుకోలేరు, నిలబడి ఉన్న మనిషి నిలబడినట్టే స్పృహ తప్పుతాడు. ముందు ఇదంతా జరుగుతుంటే వెనకున్నవాళ్లకి ఏమీ తెలీదు, "ముందుకి కదలండి బాబూ" అని నెడుతూనే ఉంటారు. అందుకే మైకు పాటలకి ఎంత ముఖ్యమో దీనికీ అంతే ముఖ్యం, ఆ సంగతి ఐదో పాఠంలో వివరంగా చూద్దాం.

ఇప్పుడు అసలు లెక్క, గేట్లు. బ్రిటన్‌లో క్రీడా మైదానాల భద్రతకి వాడే గ్రీన్ గైడ్ అనే మార్గదర్శకం ఉంది. దాని ప్రకారం చదునైన దారిలో ఒక మీటరు వెడల్పుకి నిమిషానికి ఎక్కువలో ఎక్కువ 82 మంది దాటగలరు, మెట్లయితే 66 మంది. స్టేడియం నుంచి జనం బయటపడటానికి 8 నిమిషాలకి మించకూడదని కూడా అంటుంది. అవి దీపాలూ రెయిలింగులూ సరిగ్గా ఉన్న స్టేడియాల అంకెలు. మన గ్రౌండులో ఇసుకా గుంతలూ ఉంటాయి, చంకలో పిల్లాడితో తల్లి, మోకాళ్ల నొప్పులతో మామ్మగారు, చీకటి, దానికితోడు జారే చెప్పులు. కాబట్టి నేను మీటరుకి నిమిషానికి 60 మందే వేస్తాను, మీరూ అంతే వేయండి.

మన ఊహా గ్రౌండుకి రెండు గేట్లు, ఒకటి 3 మీటర్లు, ఇంకోటి 2. మొత్తం 5 మీటర్లు. 5 × 60 × 8 = 2,400. హమ్మయ్య, సరిగ్గా సరిపోయింది అని పెన్ను మూసేయకండి.

అన్నిటికన్నా పెద్ద గేటు మూసుకుపోయిందనుకుని మళ్లీ లెక్కేయండి. ఎందుకు మూసుకుపోతుందంటారా? దాని పక్కనే షార్ట్ సర్క్యూట్ అయి మంట లేవొచ్చు, ముఖ్య అతిథి కారు అడ్డం పెట్టి డ్రైవరు టీకి వెళ్లొచ్చు, వానకి అక్కడ మోకాలి లోతు నీళ్లు నిలవొచ్చు. అప్పుడు మిగిలేది 2 మీటర్ల గేటు. 2 × 60 × 8 = 960. మీ గ్రౌండుకి మీరు రాసుకోవాల్సిన అంకె అదే, 2,400 కాదు. ఈ మాట చెప్పగానే కమిటీ పెద్దాయన "అయితే ప్రోగ్రాం మానేయమంటారా ఏంటి" అని లేస్తారు. అక్కర్లేదు, ప్రహరీలో ఇంకో వైపు 3 మీటర్ల దారి తెరిపించండి. అప్పుడు 3, 3, 2 మీటర్ల గేట్లు మూడు. పెద్దదొకటి పోయినా 5 మీటర్లు మిగులుతుంది, 2,400 మందినీ కూర్చోబెట్టుకోవచ్చు. కొత్త దారి పాత గేటు పక్కనే తెరిస్తే లాభం లేదు, ఒకే మంట రెండింటినీ మూసేస్తుంది.

గేటు కొలిచేటప్పుడు రెండు స్తంభాల మధ్య దూరం కొలిచి ఊరుకోవద్దు, ప్రోగ్రాం రోజు సాయంత్రం అక్కడ ఎంత ఖాళీ ఉంటుందో కొలవండి. స్వాగత ద్వారానికి పాతిన సరుగుడు కర్రలు, బైకులు, పానీపూరీ బండి, విప్పిన చెప్పుల గుట్ట, ఇవన్నీ పోగా ఎక్కడ ఇరుకుగా ఉందో అదే మీ గేటు వెడల్పు. గేటు బయట సందు గేటుకన్నా ఇరుకైతే సందు వెడల్పే లెక్క. తలుపు లోపలికి తెరుచుకునేదైతే ముందే పూర్తిగా తెరిచి కట్టేయండి. తాళం వేసి ఉన్న గేటుని లెక్కలోకి తీసుకోవద్దు, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలిసినా సరే.

గేటు బయట సంగతి ఇంకొంచెం చెప్పాలి. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం ఎదురుచూస్తున్న జనంలో 6 మంది చనిపోయారు. అదే ఏడాది జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర 11 మంది పోయారు, అదీ గేట్ల బయటే. జనం ఎదురుచూసే చోటు కూడా మీ స్థలంలో భాగమే, దానికీ చదరపు మీటర్ల లెక్క వేయాలి, నీళ్లు పెట్టాలి, గేటు ఎప్పుడు తెరుస్తారో అరగంటకోసారి చెప్పాలి. 2022 డిసెంబర్ 28న కందుకూరులో ఒక రాజకీయ సభలో 8 మంది చనిపోయింది ఇరుకు రోడ్డులో జనం కిక్కిరిసి, పక్కనున్న కాలువలో పడి. మ్యాపులో కాలువలు గుర్తించమన్నది ఇందుకే.

మన ఊరిదే చూడండి. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున సింహాచలం చందనోత్సవంలో భారీ వాన కురిసి, క్యూ పక్కన కొత్తగా కట్టిన గోడ కూలి 7 మంది భక్తులు చనిపోయారు. అక్కడ తోపులాటతో పనే లేదు. క్యూలో మనుషులు గంటలకొద్దీ ఒకేచోట ఉంటారు, వాళ్లని ఏ గోడ పక్కన, ఏ హోర్డింగు కింద నిలబెడుతున్నామో చూసుకోవాలి. కొత్త గోడ, నీళ్లు పోయే దారి లేని గోడ, వెనక మట్టి పోసిన గోడ, ఈ మూడింటి పక్కన వాన కాలంలోనే కాదు, ఎప్పుడూ క్యూ వద్దు.

ఆర్కే బీచ్‌లో ప్రోగ్రాం పెట్టేవాళ్లకి వేరే లెక్క. చూడ్డానికి బోలెడంత జాగా, కానీ ఒక వైపంతా సముద్రం, అటు ఒక్క దారీ లేదు. నేవీ డే విన్యాసాలకి ఎప్పుడైనా వెళ్లుంటే గమనించే ఉంటారు, జనం మధ్యాహ్నం నుంచీ మెల్లగా పోగవుతారు, అయిపోయాక మాత్రం అందరూ ఒక్కసారే లేచి బీచ్ రోడ్డెక్కుతారు. కాబట్టి ఇసుక విస్తీర్ణం పక్కన పెట్టి, ఇసుకలోంచి రోడ్డు మీదికి ఎక్కే మెట్లెన్ని, ఒక్కొక్కటి ఎంత వెడల్పు, అక్కడ నుంచి పాండురంగాపురం వైపో చినవాల్తేరు వైపో పైకి వెళ్లే సందుల్లో ఎన్నింటిలో బళ్లు ఆపకుండా ఖాళీగా ఉంచగలరు అనేది కొలవండి. మెట్లకి నేను మీటరుకి నిమిషానికి 45 మందికి మించి వేయను.

హోంవర్క్. మీ మ్యాపు మీద ప్రతి గేటు పక్కనా మూడు అంకెలు రాయండి: స్తంభాల మధ్య వెడల్పు, ప్రోగ్రాం రోజున నిజంగా మిగిలే వెడల్పు, 8 నిమిషాల్లో దాటగలిగేవాళ్ల సంఖ్య. తర్వాత పెద్ద గేటు కొట్టేసి మిగతావి కూడండి. వచ్చిన అంకె కింద, జనం అంతకి చేరగానే "ఇక లోపలికి పంపొద్దు" అని చెప్పే మనిషి పేరు, ఆ మనిషి సమయానికి లేకపోతే చెప్పే రెండో మనిషి పేరు రాయండి. కమిటీ అధ్యక్షుడి పేరు రాయొద్దు, ఆయన ఆ సమయానికి స్టేజీ మీద శాలువాలు కప్పుతూ ఉంటారు.

నాలుగో పాఠంలో పందిరి, గాలి, కరెంటు. దానికి మీ టెంట్ హౌస్ వాళ్లని ఒక ప్రశ్న అడిగి ఉంచండి: సముద్రం గాలి గట్టిగా వీస్తే పైన గుడ్డ విప్పడానికి ఎంతమంది కావాలి, ఎంతసేపు పడుతుంది?