టెంపరేచర్ కంట్రోలర్ సమస్యలు: లక్షణం చూసి కారణం పట్టడం ఎలా?

కంట్రోలర్ మీద 180 అని కనబడితే ఓవెన్‌లో 180 డిగ్రీలు ఉన్నట్టేనని అనుకుంటాం. కానీ కంట్రోలర్‌కి వేడి తెలియదు. సెన్సర్ పంపే కొద్దిపాటి మిల్లీవోల్టులనో, ఓముల్లో వచ్చే మార్పునో చదివి ఆ అంకె చూపిస్తుంది. పాడైందని విప్పి పక్కన పెట్టేసిన కంట్రోలర్లను చాలా పరీక్షించాను. ఎక్కువ భాగం బాగానే ఉన్నాయి, తప్పు సెన్సర్ దగ్గరో వైరింగ్‌లోనో ఉండేది. అందుకే నేను ముందు సెన్సర్ చూస్తాను, తర్వాత సెట్టింగులు, ఆ తర్వాత హీటర్‌ని నడిపే రిలే లేదా ఎస్‌ఎస్‌ఆర్ (కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ రిలే). కంట్రోలర్ మీదికి వెళ్లేది చివర్లోనే.

ప్యానెల్ తెరిచే ముందు

ఎంసీబీ ఆపండి, ఇంకొకరు ఆన్ చేయకుండా తాళం వేయండి. టెస్టర్‌ని ముందు కరెంటు ఉన్న చోట పెట్టి పనిచేస్తోందని చూసుకుని, తర్వాత ప్యానెల్‌లో పరీక్షించి, మళ్లీ కరెంటు ఉన్న చోట చూడండి. మధ్యలో టెస్టరే పాడైతే ఈ మూడో అడుగులో తెలుస్తుంది. కంట్రోలర్‌ని స్టాప్‌లో పెట్టాను కదా అని హీటర్ టెర్మినల్ ముట్టుకోకండి. ఎస్‌ఎస్‌ఆర్ ఆఫ్‌లో ఉన్నా దానిలోంచి కొన్ని మిల్లీ ఆంపియర్లు కారుతూనే ఉంటాయి, షాక్ కొట్టడానికి అది చాలు. మెయిన్ వైరింగ్ మీద పని చేసిన అనుభవం లేకపోతే ఈ భాగం ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి.

డిస్‌ప్లే వెలగడం లేదు

సప్లై టెర్మినల్స్ దగ్గర ఓల్టేజీ కొలవండి. రాకపోతే కంట్రోల్ ఫ్యూజ్ చూడండి. వస్తున్నా వెలగకపోతే లేబుల్ చదవండి: 24 ఓల్టుల మోడల్‌కి 230 ఇచ్చి ఉంటే దాని పని అప్పుడే అయిపోయింది, కొత్తది పెట్టాల్సిందే.

అంకె బదులు గీతలు, లేదా ఎర్రర్

సెన్సర్ తెగిందనో, స్క్రూ వదులైందనో అర్థం. థర్మోకపుల్ (రెండు వేర్వేరు లోహపు తీగలతో మిల్లీవోల్టులు ఇచ్చే సెన్సర్) అయితే దాని తీగలు రెండూ తీసేసి, కంట్రోలర్ ఇన్‌పుట్ టెర్మినల్స్ రెండింటినీ చిన్న వైర్ ముక్కతో కలపండి. డిస్‌ప్లే మీద దాదాపు ప్యానెల్ లోపలి ఉష్ణోగ్రత కనబడితే కంట్రోలర్ బాగుంది, సెన్సర్ మార్చండి. పీటీ100 (వేడిని బట్టి ఓములు మారే సెన్సర్) అయితే మల్టీమీటర్‌తో ఓములు కొలవండి. సున్నా డిగ్రీల దగ్గర 100, 25 డిగ్రీల దగ్గర 110 ఓములకు కాస్త తక్కువ రావాలి.

వేడెక్కే కొద్దీ రీడింగ్ పడిపోతోంది

థర్మోకపుల్ తీగలు తారుమారయ్యాయి. ఇక్కడ రంగులు బాగా మోసం చేస్తాయి. అమెరికన్ పద్ధతిలో ఎరుపు తీగ నెగటివ్, కరెంటు పని చేసేవాళ్ల చెయ్యి అలవాటుగా దాన్ని ప్లస్‌కి బిగించేస్తుంది. ఐఈసీ (అంతర్జాతీయ) పద్ధతిలో కె టైప్ అనే రకం థర్మోకపుల్‌కి పాజిటివ్ ఆకుపచ్చ, నెగటివ్ తెలుపు. అనుమానంగా ఉంటే చిన్న అయస్కాంతం దగ్గర పెట్టండి, కె టైప్‌లో అంటుకునే తీగే నెగటివ్.

ఎక్స్‌టెన్షన్ కేబుల్ రెండు చివర్లా తారుమారైతే పట్టుకోవడం ఇంకా కష్టం. వేడెక్కితే రీడింగ్ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ సెన్సర్ హెడ్‌కీ కంట్రోలర్‌కీ మధ్య ఎన్ని డిగ్రీల తేడా ఉంటే దానికి సుమారు రెట్టింపు తప్పు చూపిస్తుంది.

రీడింగ్ నిలకడగానే ఉంది, కానీ తప్పు

మొదట ఇన్‌పుట్ టైప్ సెట్టింగ్ చూడండి. పెట్టింది కె టైప్ సెన్సర్, సెట్టింగ్ జె అని ఉందనుకోండి. జె సెన్సర్ ఒక్కో డిగ్రీకి ఎక్కువ మిల్లీవోల్టులు ఇస్తుంది, కాబట్టి కె పంపే సిగ్నల్‌ని కంట్రోలర్ తక్కువ వేడిగా చదువుతుంది. డిస్‌ప్లే మీద 200 దగ్గర ప్రశాంతంగా నిలబడి ఉంటుంది, లోపల నిజంగా 250 దాటి ఉంటుంది. సెన్సర్ మార్చిన ప్రతిసారీ ఈ ఒక్క సెట్టింగ్ చూడమని నేను అందరినీ బతిమాలుతుంటాను.

తర్వాత కేబుల్. థర్మోకపుల్‌ని మామూలు రాగి వైర్‌తో పొడిగిస్తే, రాగి కలిపిన చోట ఉన్న వేడికీ కంట్రోలర్ దగ్గరి వేడికీ ఉన్న తేడా అంతా రీడింగ్‌లో పోతుంది. ఆ టైప్‌కి తగిన కేబులే వాడాలి. పీటీ100కి రాగి వైరే సరిపోతుంది, కానీ రెండు తీగలతో లాగితే వైర్‌లో ఉన్న ప్రతి ఓము రీడింగ్‌ని సుమారు రెండున్నర డిగ్రీలు పెంచుతుంది. మూడు తీగలు లాగండి, మూడూ ఒకే పొడవు, ఒకే మందం.

ఇవన్నీ సరిగా ఉంటే సెన్సర్ కొన తన గుంటలో అడుగుదాకా దిగిందో లేదో చూడండి. ఆఫ్‌సెట్ సెట్టింగ్‌తో అంకె సరిచేయడం అన్నిటికన్నా ఆఖరి పని. కారణం తెలియకుండా ఆఫ్‌సెట్ పెడితే లోపం దాక్కుంటుంది.

సెట్ పాయింట్ (మనం పెట్టిన ఉష్ణోగ్రత) దాటినా హీటర్ ఆగడం లేదు

వెంటనే మెయిన్ ఆపండి, మిగతా ఆలోచన తర్వాత.

కంట్రోలర్ అవుట్‌పుట్ లైట్ ఆరిపోయి ఉన్నా హీటర్ కాలుతోందంటే, కాంటాక్టర్ (ఎక్కువ కరెంటు మోసే పెద్ద రిలే) పాయింట్లు అతుక్కుపోయాయి లేదా ఎస్‌ఎస్‌ఆర్ షార్ట్ అయింది. ఎస్‌ఎస్‌ఆర్ చెడిపోయినప్పుడు ఎక్కువగా ఆన్‌లోనే ఉండిపోతుంది. కరెంటు ఆపి, లోడ్ వైర్ విప్పి, అవుట్‌పుట్ టెర్మినల్స్ మధ్య ఓములు కొలవండి. సున్నాకి దగ్గరగా వస్తే అది పోయినట్టే.

కొత్తది పెట్టేముందు పాతది ఎందుకు పోయిందో చూడాలి. ఎస్‌ఎస్‌ఆర్ మోసే ప్రతి ఆంపియర్‌కీ సుమారు ఒక వాట్, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, వేడి పుడుతుంది. 25 ఆంపియర్లు మోస్తే చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత వేడి, రాత్రీ పగలూ, మూసిన పెట్టెలో. నేను చూసుకునే ఒక ఓవెన్‌లో ఇలాగే జరిగింది. హీట్‌సింక్ ఉంది, కానీ దానికీ ఎస్‌ఎస్‌ఆర్‌కీ మధ్య థర్మల్ పేస్ట్ లేదు. విప్పి చూస్తే అడుగు పలక ఒక మూల మాత్రమే ఆనిన గుర్తు, మిగతాదంతా గాలి. ఆ రాత్రి లోపలి ట్రేలు నల్లగా మాడిపోయాయి. ఇంకేమీ కాకపోవడానికి ఒకే కారణం, వేరే సెన్సర్‌తో వేరే కాంటాక్టర్‌ని పడగొట్టే ఓవర్ టెంపరేచర్ కటాఫ్.

ఆ కటాఫ్ లేని హీటర్‌ని నేను రాత్రిపూట నడవనివ్వను. కంట్రోలర్‌లోనే ఉన్న అలారం దానికి బదులు కాదు, ఎందుకంటే రెండూ ఒకే సెన్సర్‌ని నమ్ముకుంటాయి. సెన్సర్ గుంటలోంచి జారి బయట వేలాడుతుంటే కంట్రోలర్‌కి చల్లగానే కనబడుతుంది, హీటర్‌ని పూర్తిగా ఆన్‌లో ఉంచుతుంది, అలారం నోరు మెదపదు. కటాఫ్ పడితే తనంతట తాను మళ్లీ ఆన్ కాకూడదు, మనిషి వచ్చి కారణం చూసి చేత్తో రీసెట్ చేయాలి.

రిలే ఆగకుండా టక్కుటక్కుమంటోంది

సైకిల్ టైమ్ (అవుట్‌పుట్ ఒకసారి ఆన్, ఆఫ్ అయ్యే మొత్తం సమయం) ఎస్‌ఎస్‌ఆర్‌కి పెట్టే 2 సెకన్ల దగ్గర ఉండిపోయి ఉంటుంది. లోడ్ మీద లక్ష సార్లు పనిచేసే రిలే 2 సెకన్లకోసారి కొట్టుకుంటే రెండున్నర రోజులు కూడా నిలవదు. 20 సెకన్లు పెట్టినా లెక్క 23 రోజులే. నిదానంగా వేడెక్కే ఓవెన్‌కి ఇంకా పెంచండి. రోజంతా నడిచేదైతే ఎస్‌ఎస్‌ఆర్‌కి మారడమే మేలు.

వేడి పైకీ కిందికీ ఊగుతోంది

ఆటోట్యూన్ చేయండి, అంటే వేడిని ఎలా అదుపు చేయాలో కంట్రోలర్‌నే లెక్కేసుకోనివ్వండి. రోజూ వాడే ఉష్ణోగ్రత దగ్గర, రోజూ పెట్టే సరుకు లోపల పెట్టి చేయాలి. ఖాళీ ఓవెన్‌లో చేసిన ట్యూనింగ్ నిండు ఓవెన్‌కి పనికిరాదు.

అంకెలు ఉన్నట్టుండి ఎగురుతున్నాయి

కాంటాక్టర్ పడినప్పుడల్లా ఎగిరితే అది నాయిస్, అంటే పవర్ వైరింగ్ నుంచి సెన్సర్ కేబుల్‌లోకి చేరే విద్యుత్ అలజడి. సెన్సర్ కేబుల్‌ని పవర్ కేబుళ్ల ట్రంకింగ్‌లోంచి బయటకు తీయండి, షీల్డ్‌ని ఒక్క చివరే ఎర్త్ చేయండి, ఏసీ కాంటాక్టర్ కాయిల్‌కి అడ్డంగా ఆర్‌సీ స్నబ్బర్ (ఆ అలజడిని అణచే రెసిస్టర్, కెపాసిటర్ జత) పెట్టండి. తలుపు వేసినప్పుడు ఎగిరితే నాయిస్ కాదు, వదులు స్క్రూ.

ఏ లోపం లేనప్పుడు చేయాల్సింది

ప్రతి ఆరు నెలలకీ కరెంటు ఆపి పవర్ టెర్మినల్స్ బిగించండి. రంగు మారిన ఇన్సులేషన్ ఉన్న చోట తీగ చివర కత్తిరించి కొత్త లగ్ వేయాలి, కాలిన రాగిని మళ్లీ బిగించి లాభం లేదు. ప్యానెల్ ఫ్యాన్ ఫిల్టర్ దులపండి. పొడిచేసిన ఐసు, కాస్త నీళ్లు కలిపిన గ్లాసులో సెన్సర్ ముంచితే దాదాపు సున్నా రావాలి. కటాఫ్‌ని కూడా నిజంగా పడగొట్టి చూడండి: దాని సెట్టింగ్‌ని నడుస్తున్న వేడి కంటే కిందికి తగ్గించి, కాంటాక్టర్ పడిన శబ్దం విని, హీటర్ కరెంటు సున్నా అయిందని క్లాంప్ మీటర్‌లో చూసి, మళ్లీ పాత అంకెకి తెచ్చి, ఆ అంకెనీ తేదీనీ ప్యానెల్ తలుపు లోపలి వైపు రాయండి.