ఎఫ్‌టీ-991ఏ రేడియోతో ప్రసారం మొదలుపెట్టే ముందు

ఎఫ్‌టీ-991ఏ యేసు కంపెనీ తయారుచేసిన హ్యామ్ (అమెచ్యూర్) రేడియో. హ్యామ్ లైసెన్స్ చేతికి రాకుండా మైక్ బటన్ నొక్కకండి. వినడంతో ఆగండి. ఇక్కడ బేరం లేదు.

హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్), వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ (అంతకన్నా ఎక్కువ ఫ్రీక్వెన్సీలు) మూడూ ఒకే పెట్టెలో ఉన్నాయి కాబట్టి అసలు జాగ్రత్త యాంటెన్నాల దగ్గరే. వెనుక రెండు సాకెట్లు ఒకేలా ఉంటాయి: ఒకటి హెచ్‌ఎఫ్, 50 మెగాహెర్ట్జ్‌కు, రెండోది 144, 430 మెగాహెర్ట్జ్ బ్యాండ్లకు. కేబుళ్లకు రంగు టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. యాంటెన్నా లేకుండా ప్రసారం చేస్తే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లకే ముప్పు. ముందు 5 వాట్లతో ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా రేడియోకు ఎంత సరిపోతోందో చెప్పే నిష్పత్తి, 1:1 అయితే సరిగ్గా కుదిరినట్టు) చూడండి. ఆ తేడాను సర్దే లోపలి ట్యూనర్ హెచ్‌ఎఫ్‌లో 3:1 దాకా, 50 మెగాహెర్ట్జ్‌లో 2:1 దాకా మాత్రమే పనిచేస్తుంది, 144, 430లలో పనిచేయదు. మంచి యాంటెన్నాకు అది బదులు కాదు.

• పవర్ సప్లై: 13.8 వోల్టులు, కనీసం 25 ఆంపియర్లు. పూర్తి పవర్‌లో రేడియో 23 దాకా లాగుతుంది. ఫ్యూజులున్న తీగనే వాడండి.

• మన దేశంలో 70 సెంటీమీటర్ల బ్యాండు (430 మెగాహెర్ట్జ్ ప్రాంతపు యూహెచ్‌ఎఫ్) 434–438 మెగాహెర్ట్జ్ మాత్రమే. రేడియో 430 దగ్గర కూడా ప్రసారం చేయగలదు, మీరు చేయకూడదు.

• ఎఫ్‌టీ8 వంటి, కంప్యూటర్‌తో సందేశాలు పంపే డిజిటల్ పద్ధతుల్లో పవర్ సగానికి తగ్గించండి, వేడి త్వరగా పెరుగుతుంది.

• ఉరుములు వినపడకముందే, మబ్బు పట్టగానే కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) ఊడదీసి కిటికీ బయట ఉంచండి.