ప్రాబిట్ రిగ్రెషన్, 6వ పాఠం: హద్దు దాటిన విశ్వాస అంతరం

మోతాదును బట్టి ఒక ఫలితం వచ్చే సంభావ్యతను సామాన్య విభాజనంతో లెక్కకట్టే నమూనాయే ప్రాబిట్ రిగ్రెషన్. మోతాదు 4 వద్ద ఆ సంభావ్యతకు 95 శాతం విశ్వాస అంతరం (నిజమైన విలువ ఉండవచ్చనుకునే పరిధి) కట్టమని గత పాఠం చివర అభ్యాసం ఇచ్చాను. ఎక్కువ మంది రాబట్టిన అంతరం 0.84 నుంచి 1.05 వరకు ఉంది. సంభావ్యత 1ని దాటదు కనుక కొందరు పై హద్దును 1గా దిద్ది పంపారు. సంభావ్యత సరిగ్గా సగమయ్యే మోతాదును ఈసారి పూర్తిగా వివరించాలనుకున్నాను గానీ, ఈ చిక్కు విడిపోకుండా అక్కడికి వెళ్లడంలో అర్థం లేదు.

నమూనాను అమర్చే పద్ధతి మళ్లీ చెప్పను. మనకు వచ్చిన స్థిరాంకం −2.0, మోతాదు గుణకం 0.9. మోతాదు 4 అయినప్పుడు రేఖీయ విలువ (స్థిరాంకానికి, గుణకం మోతాదుల లబ్ధాన్ని కలిపితే వచ్చేది) 1.6, దాని ప్రామాణిక దోషం 0.5. పాత పట్టికలతో పోల్చి స్థిరాంకం 3.0 రావాలి కదా అని అడిగినవారికి ఒక మాట: 1934లో జీవశాస్త్రవేత్త బ్లిస్ ప్రవేశపెట్టిన ప్రాబిట్‌కు, చేతి లెక్కల్లో రుణ సంఖ్యలు రాకుండా పాత పట్టికల్లో 5 కలిపేవారు. నేటి సాఫ్ట్‌వేర్ దాన్ని కలపదు.

ఇప్పుడు అసలు తప్పు. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో, అంచనాలిచ్చే ప్రిడిక్ట్ ఫంక్షన్‌కు టైప్‌గా రెస్పాన్స్ (అంటే సంభావ్యత) ఇచ్చి, ప్రామాణిక దోషాన్ని కూడా అడిగితే, సంభావ్యత 0.945 అనీ దోషం 0.055 అనీ వస్తుంది. ఆ దోషం అబద్ధం కాదు; 1.6 వద్ద గంట ఆకారపు సామాన్య వక్రరేఖ ఎత్తు 0.111ను 0.5తో గుణిస్తే వచ్చేది అదే, దీన్నే డెల్టా పద్ధతి అంటారు. అయితే దాన్ని 1.96తో గుణించి రెండు వైపులా సమానంగా పరిచినప్పుడు, రేఖీయ విలువను సంభావ్యతగా మార్చే వక్రరేఖ ఆ చోట సరళరేఖేనని మనం ఒప్పుకున్నట్టు అవుతుంది. నిజానికి సంభావ్యత 1ని సమీపించే కొద్దీ ఆ వక్రరేఖ చదునవుతుంది కనుక, పై వైపు జాగా తక్కువ, కింది వైపు ఎక్కువ. పై హద్దును 1కి కత్తిరించినవారు కనిపించే లోపాన్ని మాత్రమే దాచారు, ఎందుకంటే వారి కింది హద్దు 0.84 కూడా అంతే తప్పు.

సరైన దారి చిన్నదే. టైప్‌ను లింక్‌గా (అంటే రేఖీయ విలువగా) ఇచ్చి, 1.6కు ఇరువైపులా 0.98 (0.5కు 1.96 రెట్లు) తీసుకుంటే 0.62, 2.58 వస్తాయి, ఆ రెండు చివరలను సామాన్య విభాజన సంచిత ప్రమేయమైన పీనార్మ్‌తో సంభావ్యతలుగా మారిస్తే అంతరం 0.73 నుంచి 0.995 వరకు ఉంటుంది. ఆ ప్రమేయం ఎప్పుడూ పెరిగేదే కనుక హద్దుల క్రమం చెడదు, 0 నుంచి 1 మధ్య పరిధీ దాటదు. స్టాటా అనే మరో సాఫ్ట్‌వేర్‌లో మార్జిన్స్ ఆదేశం మామూలుగా డెల్టా పద్ధతినే వాడుతుంది కాబట్టి అక్కడా 1.05 కనిపించవచ్చు, ఎక్స్‌బీ (రేఖీయ విలువ), ఎస్‌టీడీపీ (దాని ప్రామాణిక దోషం) విలువలను విడిగా తీసుకుని నేనే మార్చుకోవడం నాకు ఇష్టం.

మరికొందరు ఇంకో దారి పట్టారు. స్థిరాంకానికీ గుణకానికీ వేర్వేరుగా వచ్చిన అంతరాల చివరలను కలిపి, 0.06 నుంచి దాదాపు 1 వరకు ఉన్న అంతరాన్ని రాబట్టారు. ఏమీ చెప్పని ఆ అంతరానికి కారణం రెండు అంచనాలు కలిసి మారే తీరును కొలిచే సహవిస్తృతిని వారు వదిలేయడమే: స్థిరాంకం, గుణకాల విస్తృతులు (ప్రామాణిక దోషాల వర్గాలు) 0.36, 0.0625 కాగా, సహవిస్తృతి −0.13875. స్థిరాంకం తగ్గితే గుణకం పెరుగుతుంది, కాబట్టి రెండూ ఒకేసారి తమ కనిష్ఠ హద్దులో ఉండడం దాదాపు జరగదు. ఆర్‌లో వీకోవ్ ఫంక్షన్ ఇచ్చే విస్తృతి, సహవిస్తృతుల మాత్రికను చూడకుండా ఏ మొత్తానికీ అంతరం కట్టవద్దు.

గుణకాల అంతరాల గురించి అడిగినవారికి క్లుప్తంగా చెబుతాను. ఆర్‌లో కాన్‌ఫింట్ ఫంక్షన్ ప్రొఫైల్ లైక్లీహుడ్ అంతరాన్ని (నమూనా దత్తాంశానికి ఎంత సరిపోతుందో చూసి కట్టేది) ఇస్తుంది, కాన్‌ఫింట్ డాట్ డిఫాల్ట్ వాల్డ్ అంతరాన్ని (అంచనాకు ఇరువైపులా ప్రామాణిక దోషానికి 1.96 రెట్లు) ఇస్తుంది. రెండూ కొద్దిగా తేడాగా రావడం సహజమే, పరిశీలనలు తక్కువైతే నేను మొదటిదాన్నే నమ్ముతాను.

అభ్యాసం: పై మూడు విస్తృతి విలువలతోనే, సంభావ్యత సగమయ్యే మోతాదు 2.22కు 95 శాతం అంతరాన్ని రెండు విధాలుగా, సాఫ్ట్‌వేర్ సాయం లేకుండా కట్టండి. డెల్టా పద్ధతిలో 1.73 నుంచి 2.72, ఫీలర్ పద్ధతిలో 1.63 నుంచి 2.81 రావాలి. ఫీలర్ పద్ధతికి సూత్రం వెతకనక్కర లేదు: రేఖీయ విలువ వర్గం, దాని విస్తృతికి 3.84 (1.96 వర్గం) రెట్లతో సమానమయ్యే మోతాదులను వర్గసమీకరణంగా సాధిస్తే చాలు. గుణకం ప్రామాణిక దోషం 0.25కు బదులు 0.5 అయి, సహవిస్తృతి −0.2775 అయితే, ఆ వర్గసమీకరణంలో మొదటి పదం గుర్తు ఏమవుతుందో, అప్పుడు అంతరం ఏ రూపం తీసుకుంటుందో కూడా రాసి పంపండి.